క్లీవ్ అంటే

ఎర్రగుంట్ల పాలిష్ ఫ్యాక్టరీలో
లెక్కలు రాసేది నేను, ఉత్తరాలు రాసేదీ నేనే.
మొన్న బెల్జియం నుంచి ఆర్డరొచ్చింది:
మిషన్లో నున్నగా కోసినవి వద్దు,
వాటంతటవే చీలిన బండలు కావాలని.
చీలిన అనే చోట వాళ్లు రాసిన మాట క్లెఫ్ట్.
దాని తల్లి పేరు క్లీవ్.

బీరువాలో బిల్లుబుక్కుల అడుగున
అట్ట పోయిన డిక్షనరీ ఒకటుంది, బండపొడి పట్టి.
వేలు పెట్టి వెతికితే
క్లీవ్ అంటే చీల్చు అని ఉంది.
దాని కిందే, అవే అక్షరాలతో,
క్లీవ్ అంటే అంటిపెట్టుకొను అని ఉంది.
అచ్చుతప్పనుకున్నా.
అద్దాలు తుడుచుకొని మళ్లీ చూసినా.
రెండూ ఉన్నాయి,
ఒకే ఇంటిపేరుతో పక్కపక్క గదుల్లో కాపురముంటూ
మాటల్లేని తోడికోడళ్ల మాదిరి.

దాని సంతానం ఇంకా వింత.
రెండుగా చీలిన మేకగిట్ట దాని కొడుకు,
తెల్లగడ్డలో రెబ్బ దాని కూతురు.
మా అత్తగారి ఊళ్లో తెల్లగడ్డను ఎల్లిపాయ అంటారు.
మా ఆయన ఇల్లు విడిచిన పొద్దున
మిద్దె మీద నుంచి ఎవరో అడిగితే
అత్త ఒక్క మాటే అనింది, "ఎల్లిపాయ."
వీధిలో పోతున్న కూరగాయల బండామె ఆగి
"పావుకిలోనా, అరకిలోనా?" అనింది.
నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తినా.
ఏడుపనుకున్నారు అందరూ.
కొంచెం సేపటికి అదీ నిజమే అయింది.

మా పెళ్లినాడు పాస్టరుగారు
ఇంగ్లీషులో ఈ మాటే వాడినాడు.
హత్తుకోవడమని అర్థం చెప్పినాడు.
రెండో అర్థం పన్నెండేండ్ల తర్వాత
నాకై నేనే చూసుకున్నా.

నిడుజివ్వి గనిలో జకరయ్యనడిగినా.
ముప్పై ఏండ్లుగా పొర చూసి ఉలి పెట్టే మనిషి.
"చీల్చేదానికీ అంటుకునేదానికీ ఒకటే మాటంట.
ఎట్లయితాది?"
బీడీ ఆర్పి, బండ అంచు మీద చెంబెడు నీళ్లు పోసినాడు.
ఎండకు అంతా ఆరింది గాని
సన్నటి గీత ఒకటి
ఇంకా నల్లగా, తడిగా మిగిలింది.
"ఈడ అంటుకోనుంది. ఈడ్నే చీల్తాది.
అంటుకోనిదాన్ని చీల్చేదేముంది మేడమ్?
అవి ఊరికే రెండు రాళ్లు."

మనకూ ఒక మాటుంది, అంటు.
మామిడికొమ్మను కోసి కట్టేది అంటు.
తిన్నాక తోమేవి అంట్లు.
ఇంటింటికీ పాకేది అంటురోగం.
అర్థం అడగాలన్నా "అంటే?" అనే అడుగుతాం.
మనకు అంటే అర్థం.
జకరయ్య తాతకు, అంటే తప్పు.

ఆ తాత చీల్చిన బండలే
పెద్దిండ్ల నడవల్లో అతుకు తెలీకుండా పరిచినారు.
గడప కిందిదీ ఆయన బండే.
అది పరిచినాక ఆయన దాన్ని దాటలేదు.
గడప అనే మాటే కడప అయిందంటారు మా పక్క.
గడప కలిపేదా, నిలిపేదా?
నేను డిక్షనరీ తియ్యలేదు దానికి.
జకరయ్యనూ అడగలేదు.

బెల్జియం వాళ్లకు జవాబు రాస్తా రాస్తా
"వాటంతటవే" దగ్గర కలం ఆగింది.
వాటంతటవి ఎప్పుడు చీలినాయని?
కొట్టేసి, జకరయ్య చీల్చినవి అని రాసినా.
ఓనరు చదివి, కాగితం చింపి
మళ్లీ రాయించినాడు.

సాయంత్రం డిక్షనరీ మూసేముందు చూస్తే
ఆ పేజీ పక్క పేజీకి ఒక మూల అంటుకోనుంది,
ఎప్పటి వాన తేమో.
బ్లేడు పెట్టి నిదానంగా విడదీసినా.
నాలుగైదు అక్షరాలు
తిరగబడి
అవతలి పేజీలోనే ఉండిపోయినాయి.